పిన్ని చేతి రేకులు, రెండు గంటల క్లాసు

రాజమండ్రికి దగ్గర్లోని ఒక విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినావిడ అక్కడ వృక్షశాస్త్రం చెబుతున్న కాంట్రాక్టు అధ్యాపకురాలు. అమ్మాయిల హాస్టల్ పనులు కూడా కొన్ని చూస్తారు. పేరు బయటపెట్టొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

హాస్టల్లో ఉండే పిల్లల్లో చాలామందికి పప్పులో పోపు పెట్టడం కూడా రాదని చూసి, కిందటేడాది ఆవిడ శనివారం మధ్యాహ్నాలు రెండు గంటల వంట క్లాసులు మొదలుపెట్టారు. విద్యార్థులకు వంద రూపాయలు, ఉద్యోగులకు రెండు వందలు. ఆ డబ్బు సరుకులకే సరిపోతుంది. చూసి వెళ్లిపోవడం కుదరదు, వచ్చినవాళ్లంతా చెయ్యి పెట్టాల్సిందే అన్నది ఆవిడ నియమం. పొట్టిక్కలు (పనసాకు బుట్టల్లో పిండి పోసి ఉడికించేవి), పనసపొట్టు కూర, పానకం, మజ్జిగ చేయించారు. మంచి పేరొచ్చింది. ఉద్యోగుల ఇళ్లవాళ్లు, సెక్యూరిటీ వాళ్లు, రిటైరైన ఒక ప్రొఫెసరు గారు కూడా పేర్లు రాయించుకున్నారు.

ఆత్రేయపురం పక్క పల్లెలో ఉండే వాళ్ల పిన్ని ముప్ఫై ఏళ్లుగా పూతరేకులకు రేకులు తీస్తున్నారు. వంద రేకులకు ఇంత అని ఒక దుకాణానికి వేస్తారు. జనవరిలో ఈవిడ అడిగితే కాదనకుండా, కుండతో సహా వచ్చి క్లాసు చెప్పారు. పోస్టర్ మీద శాఖాధిపతి పేరు పెద్దక్షరాల్లో పడింది. పిన్ని పేరు లేదు, "గ్రామీణ మహిళ సహకారంతో" అని ఉంది. చివర్లో శాలువా కప్పి, ఐదు వందలు చేతిలో పెట్టారు. ఉద్యోగుల్లో ఇద్దరు ముగ్గురు పండక్కి నేరుగా పెట్టెలు పంపగలరా అని పిన్ని ఫోన్ నంబరు తీసుకున్నారు. ఒక విద్యార్థి తీసిన వీడియో తిరిగి తిరిగి పిన్ని వాళ్ల వీధికే చేరింది. దుకాణదారు "ఊరి విద్య బయట అమ్ముకొచ్చావా" అన్నాడు. ఆ వారం నుంచే ఆర్డర్లు సగానికి తగ్గించాడు. ఇరుగుపొరుగు మాటలు సరేసరి. పిన్ని "నాకేం కోపం లేదమ్మా" అంటారు గానీ ఫోన్ ఎత్తడం తగ్గించారు. పిన్ని కూతురు మాత్రం "అక్కా, అమ్మని ఇంక ఇందులోకి లాగకు" అని తెగేసి చెప్పింది.

ఇంతలో శాఖాధిపతి గారు, వచ్చే నెల బయటి నుంచి అతిథులు వస్తున్నారు కాబట్టి, అరవై మందికి పిన్నితో మళ్లీ పూతరేకుల క్లాసు పెట్టమన్నారు. దానితోపాటు గోదావరి పానీయాలని నీరా కూడా ఉండాలట. జూన్‌లో ఈవిడ కాంట్రాక్టు పొడిగించాల్సింది ఆయనే. అమ్మేమో "వేసవి సెలవులన్నీ ఆ ఇంట్లో తిని పెరిగావు, అది మర్చిపోకు" అంటున్నారు. పిన్నిని మళ్లీ అడగనా, అడగకపోతే ఉద్యోగం ఏమవుతుంది, అసలు నేను మొదలుపెట్టిన పనే తప్పా, క్లాసులు మూసేస్తే అందరికీ మనశ్శాంతి కదా అని ఆవిడ అడుగుతున్నారు.

అమ్మా,

మీ ఆఖరి ప్రశ్న నుంచి మొదలుపెడతాను. క్లాసులు మూసేస్తే మనశ్శాంతి రాదు. పిన్నికి తగ్గిన ఆర్డర్లు వెనక్కి రావు, పోస్టర్ మీద లేని పేరు వచ్చి చేరదు. పిల్లలకు మాత్రం శనివారాలు పోతాయి. ఇల్లు వదిలి వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్ల తన చేత్తో ఒక పూట వండుకోగలగడం చిన్న సంగతి కాదు. దాన్ని మీరు ఎవరూ చెప్పకుండా తలకెత్తుకున్నారు. ఆ పని తప్పు కాదు. తప్పు జరిగింది ఒక శనివారం, ఒకరి విషయంలో. దాన్ని దాని మటుకే చూద్దాం.

మిమ్మల్ని ఎక్కువగా కోస్తున్నది దుకాణదారు మాట అనిపించింది. రెండు గంటల్లో ఊరి విద్య తరలిపోతుందా? మీరు ఆ రోజు దగ్గరుండి చూశారు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. అది కాస్త ఎక్కువైతే రేకు మాడి పెళుసెక్కుతుంది, తగ్గితే పిండి కుండను వదలదు. పల్చటి గుడ్డను జారుడు పిండిలో ముంచి కుండ వీపు మీద ఒక్క ఊపున లాగాలి. చెయ్యి ఆగిన చోట మందమవుతుంది, తడబడిన చోట చిల్లు పడుతుంది. కొత్త కుండ మీద మొదటి రోజే రేకు లేవదు. నూనె పట్టిస్తూ, కాస్తూ రోజుల తరబడి దాన్ని దారికి తెచ్చుకోవాలి. పిండి ఎంత పలచన ఉండాలో గ్లాసు కొలత చెప్పదు, బియ్యాన్ని బట్టి చేతికి తెలియాలి. మీ పిల్లలు ఆ రోజు పట్టుకెళ్లింది నాలుగు చిరుగు రేకులు, ఇదెంత కష్టమో అన్న ఎరుక. వాళ్లలో ఎవరూ ఆత్రేయపురానికి పోటీగా దుకాణం తెరవరు. రేకు తీసే వీడియోలంటారా, మీ విద్యార్థి ఫోన్ తియ్యకముందే లెక్కలేనన్ని ఉన్నాయి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి, పిన్నికి ధైర్యం చెప్పడానికి పనికొస్తుంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి తయారీదారుల సంఘమే దరఖాస్తు పెట్టి సాధించుకుంది. 1999 నాటి చట్టం కింద ఇచ్చే ఆ గుర్తింపు కాపాడేది పేరుని. ఎక్కడో చేసి పెట్టె మీద ఆత్రేయపురం పూతరేకులని అచ్చేసి అమ్మితే తప్పు. ఎలా చేస్తారో నేర్పడం, నేర్చుకోవడం, ఇంట్లో చేసుకుని తినడం తప్పు కాదు. కాబట్టి పిన్ని ఏ గీతా దాటలేదు. మీరు మాత్రం క్లాసులో చేసినవాటిని ఆ పేరుతో క్యాంపస్‌లో అమ్మకానికి పెట్టకండి.

మరి ఆ దుకాణదారుకి అంత కోపం ఎందుకు? అతను పైకి అన్నది ఊరి విద్య గురించి. అతని భయం మాత్రం ఆ ఫోన్ నంబర్ల గురించి అయ్యుంటుందని నా అనుమానం. ఉత్త రేకుకి వచ్చే ధర వేరు. అదే రేకు నెయ్యి తడిసి, బెల్లమో పంచదారో, జీడిపప్పో పడి, చుట్ట చుట్టుకుని పెట్టెలోకి ఎక్కితే వచ్చే ధర వేరు. ఆ రెంటి మధ్యలో ఉన్నదే అతని బతుకు. రేకులు తీసే మనిషికి కొనేవాళ్లు నేరుగా తెలిశారంటే అతనికి గుబులు పుట్టడం సహజం. అతను చేసింది సబబని నేననను. ఆర్డర్లు తగ్గించి ఒక ఆడమనిషిని దారికి తెచ్చుకోవాలనుకోవడం అన్యాయమే. కానీ అతను దేనికి భయపడుతున్నాడో తెలిస్తే, పిన్నితో ఏం మాట్లాడాలో మీకు తెలుస్తుంది.

ఇక్కడ మీకొక మాట గట్టిగా చెప్పాలి. "పిన్నీ, ఆ దుకాణం వదిలెయ్, మావాళ్లే కొంటారు, నువ్వే సొంతంగా పెట్టుకో" అని ఉత్సాహపడకండి. మీ క్యాంపస్ వాళ్లు సంక్రాంతికీ దసరాకీ కొంటారు. దుకాణం ఏడాది పొడుగునా కొంటుంది. సొంతంగా పెట్టెలు అమ్మాలంటే ఆహార భద్రత సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి, నెయ్యికి పెట్టుబడి కావాలి, పాడైతే నష్టం తనదే. ఆవిడే ఆ దారి ఎంచుకుంటే కాగితాల పనిలో సాయం చెయ్యండి. మీరు ఆ దారిలోకి తోస్తే, రేపు ఉన్నదీ పోయిన రోజున పక్కన ఉండేది మీరు కాదు, ఆ కూతురు.

ఇప్పుడు పోస్టరు. నాకు తెలిసినంతలో పిన్ని ఫోన్ ఎత్తకపోవడానికి కారణం దుకాణదారు ఒక్కడే అయ్యుండదు. ఆ రోజు ఆవిడ ఏమేం చేశారో ఒకసారి లెక్క చూడండి. ముందురోజే బియ్యం, పిండి సంగతులు. పొద్దున్నే కుండని పాత చీరల్లో చుట్టి, ఒళ్లో పసిబిడ్డలా పట్టుకుని ఆటో ఎక్కడం. బొబ్బర్లంక మీదుగా ధవళేశ్వరం బ్యారేజీ దాటి మీ దాకా రావడం. ఆ పూట తియ్యాల్సిన రేకులు పోయాయి. దారిలో కుండకి బీట పడి ఉంటే మళ్లీ ఇంకో కుండని మొదటి నుంచి మచ్చిక చేసుకోవాలి. ఇంతా చేసి వస్తే గోడ మీద ఆవిడ ఎవరో లేదు. మీ శాఖలో ఎండబెట్టి అతికించిన మొక్క కింద కూడా దాని పేరు, అది దొరికిన ఊరు, సేకరించినవాళ్ల పేరు రాస్తారు కదా. ముప్ఫై ఏళ్ల పనిమంతురాలు "గ్రామీణ మహిళ" ఎలా అయ్యారు? ఆవిడ ఆ రోజు మీ పిల్లలకు పాఠం చెప్పారు. మీ విశ్వవిద్యాలయం బయటి నుంచి వచ్చి గంటసేపు మాట్లాడే అతిథి ఉపన్యాసకులకు ఎంత ఇస్తుందో మీకు తెలుసు. పిన్నికి రావాల్సింది అది, దానికి తోడు రానుపోను ఖర్చు. శాలువా మర్యాదకు. అది కూలి కింద జమ కాదు.

పోస్టరు మీరు వేయలేదు, అది నాకూ అర్థమైంది. అయినా పిన్ని వచ్చింది శాఖాధిపతి పిలిచారని కాదు, మీరు అడిగారని. అందుకని వెళ్లాల్సింది మీరే. పని పెట్టుకుని కాదు, ఊరికే వెళ్లండి. వచ్చే నెల క్లాసు ఊసు ఆ రోజు ఎత్తకండి. పేరు వెయ్యకపోవడం తప్పని, డబ్బు విషయంలో జరిగింది తప్పని సూటిగా చెప్పండి. వీడియో ఉంచాలా తీయించాలా, ఉంచితే తన పేరు పెట్టాలా వద్దా అన్నది ఆవిడనే అడగండి. తిరిగినదాన్ని పూర్తిగా వెనక్కి తేలేరు గానీ, ఆ విద్యార్థి తన దగ్గరున్నది తీసెయ్యగలడు. కవర్లో డబ్బు పెట్టి మాత్రం ఇవ్వకండి. మీ జేబులోంచి ఇస్తే అది చుట్టరికం లెక్కలోకి వెళ్లి ఆవిడని ఇంకా చిన్నబుచ్చుతుంది. తక్కువ పడిన మొత్తాన్ని విశ్వవిద్యాలయం నుంచే, గౌరవ వేతనం పద్దులో, ఆవిడ ఖాతాకి పంపే ఏర్పాటు చేయించండి. ఆలస్యమైనా సరే. కుదరదంటే కుదరదన్నారని దాచకుండా చెప్పండి.

మీ కాంట్రాక్టు సంగతి పిన్నికి చెప్పకండి. ఇది మీకు కష్టమనిపిస్తుంది, దాపరికంలానూ అనిపిస్తుంది. కానీ చెప్పారంటే ఆవిడ ఒప్పేసుకుంటారు. "నీ ఉద్యోగం పోతుందంటే రానా ఏంటి" అని మళ్లీ కుండ చుట్టుకుని బయల్దేరుతారు. పిన్నులంతా అంతే. అప్పుడు ఆవిడ వచ్చింది ఇష్టపడి కాదు. మిగిలిన సగం ఆర్డర్లు కూడా పోతే, మీరు ఆ ఇంటి గడప తొక్కలేరు. కూతురితో విడిగా కూర్చోండి. ఆ అమ్మాయి మీ మీద కోపంతో అనలేదు. తగ్గిన డబ్బు ఇంట్లో ఎక్కడ లోటు పడుతోందో ఆ పిల్లకే తెలుసు. అడిగితే చెబుతుంది.

ఆ తర్వాత ఎప్పుడైనా, పిన్ని తనంతట తనే వస్తానంటే పన్నెండు మందికి మించకుండా పెట్టండి. ఫీజు, బండి, పేరు, వీడియో ఈ నాలుగూ ముందే మాట్లాడుకోండి. లేదా క్లాసునే ఆవిడ ఇంటి పెరట్లో పెట్టొచ్చు. కుండ కదలదు, పొగకి ఇబ్బంది లేదు, పిల్లలు పనిని అది బతికే చోట చూస్తారు. వీధిలో ఇంకో ఇద్దరు ముగ్గురిని కూడా డబ్బిచ్చి పిలిస్తే "ఒక్కతే బాగుపడిపోతోంది" అన్న మాట తగ్గుతుంది. దీనికీ చిక్కులున్నాయి. అమ్మాయిలను బయటికి తీసుకెళ్లడానికి అనుమతులు, బస్సు. పిలవని ఇల్లు ఒకటైనా మిగులుతుంది, ఆ మాట పడేది పిన్నే. అందుకని అది మీ ఆలోచనగా ఆవిడ ముందు పెట్టి వదిలెయ్యండి. వద్దన్నారంటే వద్దు. ఇంకోసారి అడగకూడదు.

శాఖాధిపతి గారి దగ్గరికి వద్దాం. ఆయనతో "మా పిన్ని రానంటోంది" అని మొదలుపెట్టకండి. మీ ఇంటి గొడవ ఆయన బల్ల మీదకి వెళ్లకూడదు. వెళితే "నేను మాట్లాడతాను, నంబరివ్వు" అంటారు. పని లెక్క చెప్పండి, అది ఎవరికైనా ఎక్కుతుంది. రెండు గంటలంటే నూట ఇరవై నిమిషాలు. పరిచయానికి ఇరవై, చుట్టడానికి ఇరవై తీసేస్తే కుండ దగ్గర మిగిలేది ఎనభై. ఒక కుండ, అరవై మంది. మనిషికి నిమిషం పైన కొంచెం. మొదటి రేకు చిరిగేలోపు వంతు అయిపోతుంది. పైగా ఆకుల మంట సెమినార్ హాల్లో పెట్టలేరు, ఆరుబయట పందిరి కావాలి, నీళ్ల బకెట్లు కావాలి, చూసుకునే మనుషులు కావాలి.

దీనికి బదులు ఒకటి సూచించండి. రేకులు తియ్యడం వదిలేసి, చుట్టడం ఒక్కటే క్లాసుగా పెట్టండి. తీసిన రేకులు కొని తెచ్చుకోవచ్చు. అరవై మందీ బల్లల దగ్గర కూర్చుంటారు. రేకుని తడి గుడ్డ మీద పరిచి, విరగకుండా మెత్తబడేదాకా ఆగడం, కరిగిన నెయ్యి వేలితో తాకీ తాకనట్టు రాయడం, పొడి సమంగా చల్లడం, అంచులు మడిచి చుట్టడం. తడి ఎక్కువైతే రేకు ముద్దవుతుంది, తక్కువైతే పటపటా విరుగుతుంది. నేర్చుకోవడానికి అందులో కావలసినంత ఉంది, పైగా ప్రతివాళ్లూ తాము చుట్టింది తిని వెళతారు. మనిషికి మూడు చొప్పున, ఒక్కోదానికి రెండు మూడు రేకులు, చిరిగేవి కలుపుకుంటే ఆరేడు వందల రేకులు తెప్పించాలి.

ఆ రేకులు ఎక్కడ కొంటారన్నది మీ చేతిలో ఉంది. పిన్ని దగ్గరే కొంటే ఆవిడకి నేరుగా డబ్బొస్తుంది, దుకాణదారు అనుమానం నిజమైనట్టూ అవుతుంది. ఆ దుకాణంలోనే, పిన్ని తీసిన రేకులే కావాలని చెప్పి కొంటే, మీ క్లాసుల వల్ల తన వ్యాపారం తగ్గదు, పెరుగుతుందని అతనికి తెలిసొస్తుంది. తగ్గించిన ఆర్డర్లు పెంచే వీలూ ఉంటుంది. కానీ మాటన్న మనిషికే మీరు బేరం తెచ్చిపెట్టారని పిన్ని మనసు కష్టపడొచ్చు. బెదిరిస్తే లాభమే అని అతనికీ అనిపించొచ్చు. ఇందులో ఏది మంచిదో నాకంటే, మీకంటే పిన్నికి బాగా తెలుసు. అతనితో ముప్ఫై ఏళ్లు బేరమాడింది ఆవిడ.

కుండ కూడా కనిపించాల్సిందే అని సారు పట్టుబడితే, తయారీదారుల సంఘం ద్వారా వేరే ఇద్దరిని రీతిగా పిలిపించి, సరైన డబ్బిచ్చి, పోస్టర్ మీద వాళ్ల పేర్లు వేసి ప్రదర్శన పెట్టించండి. మీ జీతం మీద ఇల్లు నడుస్తుంటే ఆ మాత్రం సర్దుకోవడం తప్పు కాదు. ఆయన మీద యుద్ధానికి దిగమని నేను చెప్పను, జూన్ దగ్గరలోనే ఉంది. అయితే పిన్నికి ఆ సంగతి వేరే ఎవరి నోటా తెలియకూడదు, ముందు మీరే చెప్పాలి. ఇంత చేసినా ఆయన ముఖం చిట్లించుకునే అవకాశం ఉంది. అందుకే ప్రతిపాదన నోటిమాటగా వదలకుండా కాగితం మీద ఇవ్వండి. మీరు పని ఎగ్గొట్టలేదని, వేరే రకాలుగా చేయడానికి సిద్ధపడ్డారని అందులో ఉంటుంది.

నీరా వదిలెయ్యమనండి. తెల్లవారకముందే దించి, చల్లగా ఉంచితేనే అది నీరా. ఎండెక్కితే పులిసి కల్లవుతుంది. తాటిచెట్టు గీతకీ అమ్మకానికీ ఎక్సైజు నిబంధనలున్నాయి, విద్యార్థులున్న చోట ఆ తలనొప్పి ఎందుకు? బెల్లం, మిరియాలు, శొంఠి, యాలకులతో పానకం చేయించండి. మిరియం దంచి వేసినదానికీ పొడి వేసినదానికీ తేడా పక్కపక్కన తాగించి చూపించండి. వచ్చే నెలకి ముంజలు కూడా దిగుతాయి. వాటిని ఒలవడం రెండు చేతులకూ మంచి పనే.

శనివారాలు మాత్రం ఆపొద్దు. మీ చేత్తో మీరు నేర్పగలిగినవే బోలెడున్నాయి. పొట్టిక్కలే చూడండి, నాలుగు పనసాకులు, నాలుగు పుల్లలు, ప్రతి పిల్లకీ తన బుట్ట తనే కుట్టుకునే వీలు. పిండి కారిందంటే ఎక్కడ కుట్టు వదులైందో తనకే తెలుస్తుంది. పనసపొట్టు రోజులూ ఇవే. చేతులకు నూనె రాసుకుని పొట్టు కొట్టడం, పొయ్యి కట్టేశాకే ఆవ కలపడం, లేకపోతే చేదెక్కడం, ఇవన్నీ ఒక మధ్యాహ్నంలో పట్టుబడే సంగతులు. వీటిలో ఏదీ ఒకరి పొట్ట మీదకి వెళ్లదు. ఇక మీద బయటి నుంచి ఎవరిని పిలిచినా, అది చేపల పులుసు వండే ఆవిడైనా, తేగలు కాల్చే తాతైనా, పేరు, డబ్బు, ఫోటోల సంగతి ముందే అడిగి రాసుకోండి.

సారుకి కాగితం ఇవ్వకముందే ఒక ఆదివారం పిన్ని ఇంటికి వెళ్లిరండి. మొదటిసారి వెళ్లినప్పుడు క్లాసు మాట ఎత్తొద్దన్నాను కాబట్టి, రేకులు ఎక్కడ కొనాలన్నది అడగడానికి రెండోసారి కూడా వెళ్లాలి. ఈ వారమే మొదలుపెట్టండి.